ఐ-80 మీద పోతూ ఆ రాక్షస చీజ్‌బర్గర్ తిందామనుకునేవాళ్ళకి

న్యూజెర్సీ నుంచి ఒహాయోకో షికాగోకో కార్లో ఐ-80 అనే ఇంటర్‌స్టేట్ హైవే మీద బయల్దేరే మనోళ్ళకి పెన్సిల్వేనియా అంటే మూడొందల మైళ్ళ చెట్లు, కొండలు, ట్రక్కులు, మధ్యలో రెస్ట్ ఏరియాలు, అంతే. పొద్దున్నే పులిహోర డబ్బా కట్టుకుని బయల్దేరి, స్ట్రౌడ్స్‌బర్గ్ దాటకముందే అది ఖాళీ చేసి, మిగతా దారంతా ఏ ఎగ్జిట్లో మెక్‌డొనాల్డ్స్ ఉందా అని బోర్డులు చూసుకుంటూ పోతారు. ఆ దారి మధ్యలోనే క్లియర్‌ఫీల్డ్ అని ఒక చిన్న ఊరుంది, ఆ ఊళ్ళో డెన్నీస్ బీర్ బ్యారెల్ పబ్ అని ఒక బార్ ఉంది, అక్కడ చీజ్‌బర్గర్లు పౌండ్ల లెక్కన చేస్తారు. ఆరు పౌండ్లు, పదిహేను పౌండ్లు, ఇంకా పైకి కూడా. ఆ దారిన పోయేవాళ్ళు ఒక్కసారైనా ఆగాల్సిన చోటే, కాకపోతే కాస్త ప్లాన్ చేసుకుని ఆగాలి, లేకపోతే ముప్పావు వంతు వదిలేసి, డబ్బులు దండగ అని ఒకళ్ళ మీద ఒకళ్ళు విసుక్కుంటూ కారెక్కుతారు.

నా మాట ముందే చెప్పేస్తున్నా: ఆ బర్గర్ ఒక్క మనిషి తినడానికి కాదు, టేబుల్ మొత్తానికి ఒకటి తెప్పించుకుని కోసుకుని తినడానికి. టైమర్ పెట్టుకుని గోడ మీద పేరు కోసం తినేవాళ్ళ గొడవ వేరు, దాని గురించి కూడా కింద చెప్తా, కానీ మీకు కావాల్సింది రుచి అయితే మాత్రం నలుగురు లేకుండా పోకండి.

దారి సంగతి

ఐ-80 మీద పెన్సిల్వేనియా ఎగ్జిట్ నంబర్లన్నీ మైళ్ళ లెక్కే. ఒహాయో బోర్డర్ దగ్గర సున్నాతో మొదలై ఇటు న్యూజెర్సీ వైపు డెలావేర్ వాటర్ గ్యాప్ దగ్గర 310కి వస్తాయి. క్లియర్‌ఫీల్డ్ ఎగ్జిట్ 120, అంటే బోర్డర్ దాటాక ఇంకో 190 మైళ్ళు అన్నమాట. ఎడిసన్ నుంచి ఎలా చూసినా నాలుగు గంటల పైనే. పొద్దున తొమ్మిదింటికి బయల్దేరి, మధ్యలో ఒకసారి కాఫీకి ఆగితే రెండింటికి అక్కడుంటారు, అదే సరైన టైమ్ కూడా, మధ్యాహ్నం లంచ్ రష్ అయిపోయి రాత్రి జనం ఇంకా రాని టైమ్, కిచెన్ వాళ్ళకి మీ బర్గర్ మీద పెట్టడానికి కాస్త తీరిక ఉంటుంది. శుక్రవారం రాత్రి ఏడింటికి పోయి రెండు పౌండ్ల బర్గర్ చెప్పి ఎంతసేపు అని మాటిమాటికీ అడిగితే మాత్రం ఎవరికీ మంచిది కాదు.

ఇంకోటి, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా శనివారాలు చూసుకోండి. పెన్ స్టేట్ యూనివర్సిటీ ఉండే స్టేట్ కాలేజ్ అక్కడికి ఓ నలభై మైళ్ళే, వాళ్ళ బీవర్ స్టేడియంలో లక్షకు పైగా జనం పడతారు, హోమ్ గేమ్ ఉందంటే ఆ చుట్టుపక్కల హోటల్ రూమ్ రేట్లు ఆకాశంలో ఉంటాయి, రోడ్లు నిండిపోతాయి. పెన్ స్టేట్‌లో చదివే మన పిల్లలెవరైనా తెలిసుంటే ఒక మెసేజ్ పెట్టి అడగండి, షెడ్యూల్ వాళ్ళకి కంఠతా ఉంటుంది.

ఫోన్లో దారి పెట్టుకునేటప్పుడు ఒట్టి "డెన్నీస్" అని మాత్రం కొట్టకండి. ఆ పేరుతోనే రోజంతా పాన్‌కేకులు అమ్మే చైన్ ఒకటి దేశమంతా ఉంది, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. బీర్ బ్యారెల్ అనేదాకా పూర్తిగా కొట్టి, క్లియర్‌ఫీల్డ్ అని ఉందో లేదో చూసుకుని అప్పుడు స్టార్ట్ చెయ్యండి. బయల్దేరే ముందు రోజు ఒక ఫోన్ కూడా కొట్టండి: తెరిచి ఉంటారా, ఏ సైజు దాకా అప్పటికప్పుడు చేస్తారు, ఏ సైజుకి ముందే చెప్పాలి, పిల్లల్ని లోపలికి రానిస్తారా. ఈ నాలుగూ అడిగితే చాలు, రెండు నిమిషాల పని.

బీఫ్ సంగతి, మొహమాటం లేకుండా

ఇలాంటి చోట చీజ్‌బర్గర్ అంటే బీఫే, వేరే మాట లేదు. కార్లో నలుగురుంటే ఒకళ్ళు తింటారు, ఒకళ్ళు తినరు, ఒకళ్ళు తింటారు గానీ ఇంట్లో తెలియకూడదు, ఇంకొకళ్ళు శనివారం నాన్‌వెజ్ ముట్టరు, మన కార్లన్నీ ఇలాగే ఉంటాయి కాబట్టి ఎగ్జిట్ దగ్గర కాకుండా ఇంట్లోనే తేల్చుకోండి. బీఫ్ తినం కదా బైసన్, అంటే అమెరికా అడవిదున్న, బర్గర్ తిందాం అని కొందరు తెలివిగా ఆలోచిస్తారు, అదీ ఆ జాతిదే బాబూ. చికెనో టర్కీయో ఉందా అని అడగండి, ముస్లిం ఫ్రెండ్స్ ఉంటే బేకన్, అంటే పంది మాంసం, వద్దని గట్టిగా చెప్పండి, బార్ ఫుడ్‌లో బేకన్ అడగకుండానే వచ్చి కూర్చుంటుంది. పక్కా వెజిటేరియన్లయితే ఒక్క విషయం, వెజ్ ప్యాటీ, అంటే బన్ను మధ్య పెట్టే ముద్ద, ఉన్నా కూడా చాలా బార్లలో అన్నీ ఒకే గ్రిల్ మీద కాలుస్తారు, ఫ్రైస్ కూడా చికెన్ వింగ్స్ వేయించిన నూనెలోనే వేయిస్తారు. పట్టింపు ఉంటే అడిగి తెలుసుకోండి, లేదా వాళ్ళ కోసం ఇంటి నుంచి ఏదైనా కట్టుకుని పోండి.

ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు కార్లో ఉంటే ఈ ప్రోగ్రామ్ మొత్తం ఇంకో ట్రిప్‌కి వాయిదా వేసుకోండి, అంతే. అలాగే పిట్స్‌బర్గ్ పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి, 1970ల నుంచి మనవాళ్ళందరూ పోయే గుడి, అది కూడా ఇదే ట్రిప్‌లో ఉంటే ముందు దర్శనం, తర్వాత బర్గర్. ఇటు నుంచి అటు మాత్రం పెట్టుకోకండి, కారంతా ఆ గ్రిల్ వాసన పట్టుకుని వదలదు.

ఎంత చెప్పాలి

అందరూ బోల్తా పడేది ఇక్కడే. మెనూలో పౌండ్లు చూసి మనకి బుర్రలో ఏమీ వెలగదు, గ్రాముల్లోకి మార్చుకోండి. ఒక పౌండ్ 454 గ్రాములు. మామూలు పావు పౌండ్ ప్యాటీ 113 గ్రాములు. ఆరు పౌండ్లు అంటే రెండు కిలోల ఏడొందల గ్రాముల మాంసం, ఇంట్లో కిలో చికెన్ తెస్తే నలుగురు తిని రాత్రికి కాస్త మిగుల్తుంది కదా, ఇక మీరే ఊహించుకోండి. పైగా అది ఒట్టి మాంసం బరువే, బన్ను, చీజు, మిగతా సరంజామా వేరే.

మెనూలో రాసేది ఎప్పుడూ కాల్చక ముందు బరువు. కాలేటప్పుడు నీరూ కొవ్వూ పోయి దాదాపు పావు వంతు తగ్గుతుంది. కాబట్టి రెండు పౌండ్ల బర్గర్ నలుగురికి చెప్తే మనిషికి పచ్చిది 227 గ్రాములు, ప్లేట్లోకి వచ్చేసరికి 170 దగ్గర. మంచి ఆకలి మీదున్న మనిషికి అది కడుపు నిండా భోజనం. నలుగురికి రెండు పౌండ్లు, ఆరుగురికి మూడు పౌండ్లు, నా లెక్క ఇదే. పక్కన ఒక్క ప్లేట్ ఫ్రైస్ చాలు. ఆనియన్ రింగ్స్, మోజరెల్లా స్టిక్స్, నాచోస్ అంటూ స్టార్టర్స్ మొదలెట్టారంటే అసలు బర్గర్ వచ్చేసరికి అందరూ సీట్లో వెనక్కి వాలి ఉంటారు. ఆరు పౌండ్లది చెప్పాలంటే కనీసం పది మంది గ్యాంగ్ ఉండాలి, రెండు మూడు కార్లలో పోయే బ్యాచ్‌లకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది.

లోపలికి వెళ్ళాక

పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి. అమెరికా లైసెన్స్ ఉన్నవాళ్ళకి గొడవ లేదు, ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు మన లైసెన్స్ చూపిస్తే బార్టెండర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేస్తాడు, తేదీలో రోజు ముందు, నెల తర్వాత ఉండటం కూడా వాళ్ళకి తికమకే. ఇరవై ఒకటి నిండకపోతే బీర్ లేదు, నలభై ఏళ్ళ మనిషిని కూడా ఐడీ అడుగుతారు, ఫీలవ్వకండి.

ఇద్దరే అయితే కౌంటర్ దగ్గర స్టూల్ మీద కూర్చోవచ్చు, పక్కవాళ్ళు పలకరిస్తారు, ఎక్కడి నుంచి అని అడుగుతారు, ఆ కబుర్లు కూడా బాగుంటాయి. బర్గర్ షేర్ చేసుకోవాలంటే మాత్రం టేబుల్ తీసుకోండి, కౌంటర్ మీద వరసగా కూర్చుని నలుగురు ఒకే ప్లేట్ అందుకోవడం కుదిరే పని కాదు. కూర్చోగానే సర్వర్‌కి చెప్పెయ్యండి, ఒక్కటే తెచ్చుకుని పంచుకుంటాం, నాలుగు ఖాళీ ప్లేట్లు, ఒక పెద్ద కత్తి కావాలి అని. సిగ్గుపడాల్సిన పనేం లేదు, రోజూ జరిగేదే అక్కడ.

పెన్సిల్వేనియా బార్లలో సరదా విషయం ఒకటుంది. ఒట్టి "లాగర్" అని అడిగితే చాలా చోట్ల ఇంకేం అడక్కుండా యింగ్లింగ్ తెచ్చి పెడతారు. పాట్స్‌విల్ అని అదే రాష్ట్రంలో ఊరు, 1829 నుంచి నడుస్తున్న బ్రూవరీ, అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అన్నిటికంటే పాతది. కొంచెం ముదురు రంగు, చేదు తక్కువ, చీజు మాంసం మీదకి బాగా దిగుతుంది. కానీ ఒక్కటే గ్లాస్. బీరూ కోకూ ఏదైనా గ్యాసే కదా, బర్గర్ వచ్చేలోపే సగం కడుపు అదే నింపేస్తుంది. డ్రైవ్ చేసేవాళ్ళు మంచినీళ్ళు, లేదా చక్కెర లేని ఐస్ టీ. రక్తంలో ఆల్కహాల్ లిమిట్ 0.08 శాతం అని ఉంది కదా అని వేళ్ళ మీద లెక్కలేసుకోవద్దు, వీసా మీద ఉన్నవాళ్ళకి తాగి నడిపిన కేసు ఒకటి పడితే దాని తలనొప్పి ఫైన్‌తో పోదు.

ఆర్డర్ చెప్పేటప్పుడు

సర్వర్ అడిగే మొదటి ప్రశ్న "హౌ వుడ్ యూ లైక్ దట్ కుక్‌డ్?" అని. పక్కన కూర్చున్న స్టీక్ ఎక్స్‌పర్ట్ ఒకడు మీడియం రేర్ చెప్పు అంటాడు, వాడి మాట వినకండి. స్టీక్ అంటే కీమా కొట్టని మాంసం ముక్క, దాంట్లో బ్యాక్టీరియా పైపైనే ఉంటుంది, పైన కాలితే చచ్చిపోతుంది, లోపల ఎర్రగా ఉన్నా పర్లేదు. కీమా కొట్టినప్పుడు పైన ఉన్నదంతా లోపలికి కలిసిపోతుంది, అందుకే గ్రౌండ్ బీఫ్ మధ్యలో కూడా 160 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 71 సెల్సియస్, తగలాలని అక్కడి ప్రభుత్వం చెప్తుంది. 1993లో సరిగ్గా కాలని బర్గర్ల వల్ల వాషింగ్టన్ రాష్ట్రంలో, ఇంకో మూడు పడమటి రాష్ట్రాల్లో ఈ.కోలై అనే బ్యాక్టీరియా పాకి ఏడొందల మందికి పైగా జబ్బు పడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు, ఆ తర్వాతే రూల్స్ గట్టిపడ్డాయి. రోడ్ ట్రిప్‌లో కడుపు పాడైతే తర్వాతి రెస్ట్ ఏరియా ఎంత దూరమో మీకే తెలుసు, వెల్ డన్ చెప్పండి.

వెల్ డన్ చెప్తే ఎండిపోతుంది కదా అంటారు. సన్న ప్యాటీ అయితే నిజమే. రెండు మూడు పౌండ్ల ముద్ద వేరు, అది నడిమి దాకా కాలడానికే చాలాసేపు పడుతుంది, అంచులు కరకరలాడతాయి, మధ్య మెత్తగానే ఉంటుంది. కాబట్టి వెయిటింగ్‌కి సిద్ధపడండి, అరగంట దాటినా విసుక్కోకండి, త్వరగా తెమ్మని తొందర పెడితే మీకే నష్టం, మధ్యలో పచ్చిగా వస్తుంది. కోశాక మధ్యలో మరీ ఎర్రగా, చల్లగా కనిపిస్తే మొహమాటపడి తినెయ్యకండి, వెనక్కి పంపితే ఇంకాస్త కాల్చి తెస్తారు.

ఇక చీజ్. ఇక్కడ మనోళ్ళు హోదా కోసం పాత చెడ్డార్ చీజ్, అంటే చాలాకాలం మాగబెట్టింది, అడుగుతారు, పెద్ద బర్గర్‌కి అది పనికిరాదు, వేడి తగలగానే నూనె వేరు, ముద్ద వేరు అయిపోతుంది. ఎవరూ గొప్పగా చెప్పుకోని అమెరికన్ స్లైస్ ఉంది చూశారూ, ఇక్కడ అదే రాజు. 1916లో క్రాఫ్ట్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న ప్రాసెస్డ్ చీజ్ పద్ధతి నుంచి వచ్చిందే ఇది, దాంట్లో కలిపే లవణాలు కొవ్వునీ నీటినీ విడిపోకుండా పట్టుకుంటాయి, అందుకే అది కరిగి, జారి, అంచుల మీద నుంచి దుప్పటి కప్పినట్టు దిగుతుంది తప్ప నూనె కక్కదు. రుచి ఘాటుగా కావాలంటే పైన అమెరికన్, ఒక్క వరస చెడ్డార్ అని రెండూ కలిపి అడగండి.

టాపింగ్స్ అన్నీ పక్కన పెట్టి ఇమ్మనండి, ఇది చాలా ముఖ్యం. లెట్యూస్, టమాటా, మయొనీజ్ అన్నీ లోపలే పెట్టేస్తే బర్గర్ టేబుల్ దాకా వచ్చేలోపే కింది బన్ను తడిసి చిరిగిపోతుంది, ఇంక అది చేత్తో తినేది కాదు. పికిల్స్ మాత్రం ఎక్స్‌ట్రా అడగండి, పచ్చి ఉల్లిపాయ, హాలపేన్యో మిరపకాయ కూడా. ఎందుకంటే ఇంత మందం ప్యాటీలో ఉప్పూ మిరియాలూ ఉండేది పైపొరకే, లోపలంతా చప్పిడి. నాలుగు ముక్కలు తినేసరికి మన నాలుక కారం కారం అని ఏడుస్తుంది, అక్కడ ఇచ్చే హాట్ సాస్ పులుపే గానీ కారం కాదు. బ్యాగులో చిన్న డబ్బాలో కారప్పొడో వెల్లుల్లి కారమో పెట్టుకుని పోయినవాడే తెలివైనవాడు, మయొనీజ్‌లో ఒక చెంచా వెల్లుల్లి కారం కలిపి ముక్క ముంచుకుని తిని చూడండి, తర్వాత నాకు చెప్పండి.

వచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి

ప్లేట్ కాదు, ట్రేలో వస్తుంది. నడినెత్తిన కత్తి దిగేసి ఉంటుంది, లేకపోతే పై బన్ను పక్కకి జారిపోతుంది. బన్ను మీద నువ్వులు మెరుస్తుంటాయి, చీజు అంచుల దగ్గర ట్రే లోహానికి అంటుకుని గోధుమ రంగులో కరకరలాడే అల్లికలా గట్టిపడుతుంది, కింద ఎర్రటి కొవ్వు నీరు సన్నగా చేరుతుంటుంది. అందరూ ఫోన్లు తీస్తారు, రెండు ఫొటోలు చాలు.

"ఏరా బావా, ఇది మనం తినగలమా?"

"తినడం తర్వాత, ముందు కొయ్యరా."

కొయ్యడానికి ముందు ఒక ఐదు నిమిషాలు వదిలెయ్యండి, రసం లోపల సర్దుకుంటుంది, వెంటనే కోస్తే మొత్తం ట్రేలోకి పోతుంది. తర్వాత పై బన్ను తీసి పక్కన పెట్టండి. ప్యాటీని కేక్ కోసినట్టు మధ్య నుంచి త్రికోణాలుగా కొయ్యండి, అప్పుడు ప్రతి ముక్కకీ కరకరలాడే అంచు ఒకటి, మెత్తటి మధ్య భాగం ఒకటి వస్తాయి. నిలువుగా, అడ్డంగా గళ్ళలా కోస్తే నడిమి ముక్కలు వచ్చినవాడికి చప్పిడి, అంచు ముక్కలు వచ్చినవాడికి పండగ, అక్కడే గొడవ. కత్తిని రంపంలా లాగండి, నొక్కితే చీజు మొత్తం ఒక పక్కకి ఊడొస్తుంది.

తినే వరస కూడా ఉంది. వేడిగా ఉన్నప్పుడే మాంసం, చీజు తినండి, బన్ను తర్వాత. చల్లారితే ఆ కొవ్వు గడ్డకట్టి పై పెదవికి మైనంలా అంటుకుంటుంది, అప్పుడు ఇంక ఎవరికీ తినబుద్ధి కాదు. బన్ను చల్లారినా బాగుంటుంది, ట్రేలో చేరిన రసంలో అద్దుకుని చివర్లో తినొచ్చు. రెండు ముద్దలకి ఒక పికిల్ ముక్క, ఒక ఉల్లిపాయ ముక్క కొరకండి, నోరు మళ్ళీ తేలిక పడుతుంది. ఫోర్కుతో తినాలా చేత్తోనా అని చూసుకోకండి, ఆ బార్‌లో ఎవరూ పట్టించుకోరు, టిష్యూలు మాత్రం బోలెడు తెచ్చుకోండి.

బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు పికిల్స్, ప్రాసెస్డ్ చీజ్, ఫ్రైస్ మూడూ కలిస్తే ఎంత ఉప్పు అవుతుందో ఆలోచించుకుని ఒక ముక్కతో ఆపెయ్యండి. కార్లో ఈనో ప్యాకెట్ ఉంచండి, ఎవరో ఒకరికి పనికొస్తుంది, ఎప్పుడూ.

టైమర్ పెట్టుకుని తినేవాళ్ళకి

ఈ బార్‌కి పేరొచ్చిందే ఛాలెంజ్ వల్ల. ఆరు పౌండ్ల బర్గర్, మూడు గంటల టైమ్, ఏళ్ళ తరబడి ఎవరూ పూర్తి చెయ్యలేదు. 2005 జనవరిలో వంద పౌండ్ల బరువున్న, అంటే నలభై ఐదు కిలోల, పందొమ్మిదేళ్ళ కాలేజీ అమ్మాయి ఒకామె న్యూజెర్సీ నుంచి వచ్చి 2 గంటల 54 నిమిషాల్లో తినేసింది. దాంట్లో మాంసం ఒక్కటే కాదు, రెండు టమాటాలు, సగం లెట్యూస్ గడ్డ, పన్నెండు స్లైసుల చీజు, ఒక కప్పు పెప్పర్స్, రెండు పెద్ద ఉల్లిపాయలు, దాని మీద మయొనీజ్, కెచప్, మస్టర్డ్. అప్పుడు దాని రేటు 23.95 డాలర్లు, గెలిచింది కాబట్టి ఆమెకి ఫ్రీ. దాని తర్వాత అదే ఏడాది న్యూజెర్సీ క్లింటన్‌లో ఒక డైనర్ వాళ్ళు పన్నెండున్నర పౌండ్ల బర్గర్ పెట్టారు, వీళ్ళు ఊరుకుంటారా, పదిహేను పౌండ్లు చేశారు. మన ఊళ్ళల్లో రెండు బిర్యానీ సెంటర్లు ఫ్లెక్సీల మీద పోటీ పడినట్టే ఉంది ఆ కథ.

నన్నడిగితే వద్దనే చెప్తా, మూడో పావుగంట నుంచీ అది తిండి కాదు, పని. కానీ వెళ్ళినవాళ్ళు ఎలాగూ ఆగరు కాబట్టి కాస్త జాగ్రత్తలు. రూల్స్ అన్నీ ముందే అడగండి, మామూలుగా ఇలాంటి చోట్ల ఒక్కరే తినాలి, టేబుల్ వదిలి లేవకూడదు, టాపింగ్స్ బన్నుతో సహా అన్నీ అయిపోవాలి, ఓడిపోతే పూర్తి బిల్లు. కడుపు మాడే ఆకలితో పోతే గెలుస్తామనుకోవడం పొరపాటు, పస్తులుండి పోకండి. గబగబా మింగేటప్పుడు మాట్లాడకండి, నవ్వించే ఫ్రెండ్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకోకండి, గొంతులో పడితే నవ్వులాట కాదు. గుండె జబ్బు, షుగర్, ఎసిడిటీ ఉన్నవాళ్ళు అసలు వద్దు. ఛాలెంజ్ చేసినవాడు ఆ రోజు డ్రైవ్ కూడా చెయ్యకూడదు, బీర్ తాగకపోయినా సరే, ఆ నిద్ర ఆపుకునే నిద్ర కాదు.

బిల్లు, టిప్పు

బిల్లు మీద 6 శాతం సేల్స్ ట్యాక్స్ పడుతుంది. దాని పైన టిప్. ఒక్క బర్గర్ నలుగురం పంచుకున్నాం కదా బిల్లు తక్కువే అని టిప్ కూడా తక్కువ పెట్టకండి. పెన్సిల్వేనియాలో టిప్ వచ్చే సర్వర్‌కి ఓనర్ ఇవ్వాల్సిన కనీస జీతం గంటకి 2.83 డాలర్లే, మిగతాదంతా మనం పెట్టేదే. నాలుగు ప్లేట్లు, కత్తి, ఇరవై టిష్యూలు, మూడు సార్లు నీళ్ళు తెచ్చిన మనిషికి 20 శాతం ఇవ్వడం ధర్మం. కౌంటర్ దగ్గర బీర్ తాగితే గ్లాసుకి ఒక డాలర్ విడిగా. కార్డ్ ముందే తీసుకుని ట్యాబ్, అంటే చివర్లో కట్టే ఖాతా, ఓపెన్ చేస్తే వెళ్ళేటప్పుడు క్లోజ్ చేసి కార్డ్ అడిగి తీసుకోవడం మర్చిపోకండి, యాభై మైళ్ళు పోయాక గుర్తొస్తే ఆ తిట్లు వేరే లెవెల్లో ఉంటాయి.

ఇదే మిన్నియాపొలిస్‌లో అయితే

అటు మిన్నెసోటా వైపు పోయేవాళ్ళకి ఇంకో రకం ఉంది, సైజు మామూలే గానీ చీజు పైన కాదు, ప్యాటీ కడుపులో పెట్టి కాలుస్తారు, జూసీ లూసీ అంటారు. సీడార్ అవెన్యూ మీదే ఉన్న మ్యాట్స్ బార్, 5-8 క్లబ్ రెండూ మేమే మొదట చేశాం అంటే మేమే చేశాం అని ఇప్పటికీ కొట్టుకుంటాయి. మ్యాట్స్ బార్ 1954 నాటిది, 2014లో ఒబామా కూడా వచ్చి తిని పోయాడు. అక్కడ ఒక్కటే జాగ్రత్త, వచ్చిన వెంటనే కొరకొద్దు, లోపల చీజు సలసలా కాగుతూ ఉంటుంది, నాలుక బొబ్బలెక్కిపోతుంది. చిన్నగా ఒక పక్క చిల్లు పెట్టి ఆవిరి పోనిచ్చి అప్పుడు తినండి.

మిగిలింది ఏం చెయ్యాలి

మిగుల్తుంది, ఎంత ప్లాన్ చేసినా మిగుల్తుంది. రెండు బాక్సులు అడగండి, ఒకదాంట్లో మాంసం చీజు, ఇంకోదాంట్లో బన్ను. లెట్యూస్, టమాటా అక్కడే వదిలెయ్యండి. కారు డిక్కీలో ఐస్ పెట్టిన కూలర్ ఉంటే దాంట్లోకి. లేకపోతే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌కి చేరాలి, ఎండాకాలంలో బయట 90 ఫారన్‌హీట్ దాటితే ఒక్క గంటే టైమ్, అంతకంటే ఎక్కువసేపు కార్లో ఉంటే వాసన బాగానే ఉన్నా పారేయండి.

తిన్న వెంటనే హైవే ఎక్కకండి, ఒక అరగంట ఊళ్ళో నడవండి. పడమర వైపు పోతే ఎగ్జిట్ 120 దాటిన తొమ్మిది మైళ్ళకే, మైల్ 111 దగ్గర, మిసిసిప్పీ నదికి తూర్పున ఐ-80 మొత్తంలో ఎత్తైన చోటు ఇదే, 2,250 అడుగులు, అని బోర్డు కనిపిస్తుంది. చలికాలంలో అక్కడ మంచు ఉన్నట్టుండి కమ్ముతుంది, చీకటి పడితే జింకలు రోడ్డు మీదకి వస్తాయి, నిద్ర కళ్ళతో నడిపే దారి కాదు. అందరికీ మత్తుగా ఉందంటే రాత్రికి అక్కడే రూమ్ తీసుకోండి.

హోటల్ మైక్రోవేవ్‌లో వేడి చేస్తే మాంసం రబ్బరులా అవుతుంది, ముక్కలు చిన్నవి చేసి, మీద తడి టిష్యూ కప్పి, ఆపి ఆపి పెట్టండి, లోపల దాకా పొగలు రావాలి. అదే మర్నాటికి ఇల్లు చేరుతుంటే ఇంకా మంచి పని ఉంది. ప్యాటీని చేత్తో పొడిపొడిగా చిదిపి, పెనం మీద నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ధనియాల పొడి, గరం మసాలా వేసి దాంట్లో ఇది కలిపి బాగా వేడెక్కేదాకా వేయించండి. ఉప్పు మాత్రం వెయ్యకండి, చీజులో ఉన్నదే సరిపోతుంది, చివర్లో నిమ్మకాయ పిండండి. ఆ బన్నునే పెనం మీద వెన్న రాసి కాల్చుకుని దాంతో తినండి, లేదా చపాతీలోకి.